ఎడమకాలి కొడవళ్ళు

ఆట ముగిసి జనం గేట్ల దగ్గర తోసుకుంటున్న వేళకు గడ్డి పిన్ని పని మొదలయ్యేది. ఒక చేతిలో నాలుగు పళ్ళ ఇనుప పలుగు, ఇంకో చేతిలో అట్టకు బిగించిన కాగితం. ఈ గోల్ స్తంభాల దగ్గర బయలుదేరి ఆ గోల్ స్తంభాల దాకా, అక్కడి నుంచి మళ్ళీ ఇటు, దుక్కి దున్నే మనిషిలా ఒక్క చాలు కూడా వదలకుండా ఆమె మైదానమంతా నడిచేది. బూట్లు పెకలించిన గడ్డిని పలుగుతో లేపి, కింద ఇసుక సర్ది, మడమతో అదిమి, ఆ చోటును కాగితం మీద గీసిన మైదానంలో గుర్తు పెట్టేది. విరామంలో దొరికే పావుగంటలో పరుగు పరుగున ఒకసారి, ఆట అయ్యాక తాపీగా ఒకసారి. అలా ఒక్కో ఆటకు రెండు కాగితాలు. మరునాడు ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఎక్కడ విత్తనం చల్లాలో, ఎక్కడ నీరు తగ్గించాలో తేల్చుకునేది. తర్వాత వాటిని పనిముట్ల గదిలో తీగకు గుచ్చేది. సీజనుకు ఒక తీగ. ఇరవై నాలుగు సీజన్లు గడిచేసరికి ఆ గదిలో గోడ కనపడటం మానేసింది.

కలుపు తీసే రోజు కూలీగా ఆ గేటు లోపల అడుగుపెట్టిన మనిషి ఆమె. ఇప్పుడు యాభై రెండేళ్ళ వయసులో ఎనిమిది మంది ఆమె చేతి కింద పనిచేస్తున్నారు. క్లబ్బు కాగితాల్లో ఆమె హోదా మైదాన పర్యవేక్షకురాలు. ఆటగాళ్ళు మాత్రం గడ్డి పిన్ని అనేవారు. గడ్డి వెయ్యడంలోనే కాదు, గడ్డి పెట్టడంలోనూ ఆమెకు ఆమే సాటి అని చాటుగా నవ్వుకునేవారు. శిక్షణ సమయంలో అనవసరంగా నేలకు మడమ రాసినవాణ్ణి, ఎంత పేరున్న ఆటగాడైనా సరే, నలుగురిలో నిలబెట్టి కడిగి పారేసేది.

ఆమె కంట్లో నలుసులా పడినవాడు మాత్రం ఒక్కడే. పత్రికలు అతనికి దిక్సూచి అని పేరు పెట్టాయి. మిడ్‌ఫీల్డులో బంతి అతని కాలికి తగిలితే చాలు, మిగతా పదిమందికీ తామెటు పరుగెత్తాలో తెలిసిపోతుందని ఆ పేరుకు అర్థం. ఇరవై ఒకటో ఏట వచ్చాడు. పదకొండు సీజన్లుగా ఇక్కడే ఆడుతున్నాడు. జట్టులో మిగిలినవారంతా ప్లాస్టిక్ పట్టీల బూట్లకు మారినా, అతనొక్కడే పాతకాలపు ఆరు ఇనుప మేకుల బూట్లు వదల్లేదు. అందువల్ల ఆ మైదానంలో అతని అడుగు దాగేది కాదు. ఒంటికాలి మీద గిర్రున తిరిగినచోట ఆ మేకులు గడ్డిని కొడవలి వంపులో కోసేవి. కుడికాలిదైతే వంపు ఒకవైపు, ఎడమకాలిదైతే దానికి ఎదురువైపు. ఆ గాట్లు వేరు దాకా తెగి, మానడానికి మూడు వారాలు తీసుకునేవి కాబట్టి పిన్ని వాటిని ఎర్ర సిరాతో వేసేది.

మొదటి ఎనిమిది తొమ్మిది సీజన్లూ ఆ ఎర్ర కొడవళ్ళు కాగితమంతా పరుచుకున్నాయి. "నాశనం చేసి పోతాడు" అని ఆమె గొణిగేది కానీ, ఆ గొణుగుడులో ఒక పనివాడి పట్ల ఇంకో పనివాడికి ఉండే మర్యాద ఉండేది. పదో సీజను మధ్య నుంచి అవి కుంచించుకుపోయాయి. మైదానం నడిమధ్యన, కాస్త కుడికి ఒరిగి, పది గజాల గుండ్రంలోనే గుమిగూడసాగాయి. సరిగ్గా ఆ ఏడాదే ఊళ్ళో ప్రతి కూడలిలోనూ అతని నిలువెత్తు ప్రకటన బొమ్మలు లేచాయి. పిన్ని ఈ రెండింటినీ జతచేసి తీర్పు చెప్పేసింది: వీడికి ఒళ్ళు బరువెక్కింది.

ఆ తీర్పును ఇంట్లో ఒప్పుకోనివాడు ఆమె భర్త. సిటీ బస్సులో కండక్టరు. దిక్సూచి ఆడిన ప్రతి ఆటనూ డైరీలో రాసుకునే భక్తుడు.

"మొన్నటి ఆటలో తొంభై ఒక్క పాసులు. తప్పినవి నాలుగే నాలుగు. తెలుసా నీకు?" అన్నాడొక రోజు కంచం ముందు కూర్చుని.

"నిలబడ్డచోటే నిలబడి పక్కనున్నవాడికి అందించడం కూడా పాసేనా? ఆ లెక్కన మీరు రోజుకు వెయ్యి పాసులిస్తారు బస్సులో."

"నన్నెంతైనా అనవే. ఆయన్ని అనకు."

"ఆయనట, ఆయన! మీకంటే పాతికేళ్ళు చిన్నవాడు. వెనకాల ఆ చీపురు లేకపోతే మీ దేవుడి పరువు ఎప్పుడో గంగపాలయ్యేది."

చీపురు అంటే దిక్సూచి వెనక ఆడే మరో మిడ్‌ఫీల్డరు. ఎదుటివాళ్ళ దాడిని ఊడ్చి పారేయడం తప్ప అతనికి పత్రికల్లో ఫొటో ఉండదు. మైదానంలో మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అతని జారుడు గీతలే. పిన్నికి అతనంటే గౌరవం.

"నీకు కుళ్ళు," అన్నాడు కండక్టరు, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

"కుళ్ళు కాదు, కళ్ళు. నాకున్నాయి."

అంతటితో ఆగితే ఆలుమగల పోరుగానే ఉండిపోయేది. తూర్పు గ్యాలరీ వెనక టీ కొట్టు దగ్గర ఒక సాయంత్రం కొట్టు యజమాని కదిలించాడు.

"దిక్సూచికి విగ్రహం పెడతారట గదా పిన్నీ, గేటు దగ్గర?"

"వేరే విగ్రహమెందుకు, డబ్బు దండగ? రాతిదిమ్మలా వాడే నిలబడ్డాడుగా మైదానం మధ్యలో!"

అక్కడున్న నలుగురూ పగలబడి నవ్వారు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయిన ఆమెకు ఆ మాట తన వెంట రాలేదని తెలియదు. రెండు వారాలు తిరక్కముందే, బంతి దిక్సూచి కాలి దగ్గరకు చేరిన ప్రతిసారీ తూర్పు గ్యాలరీ మొత్తం గొంతెత్తి అరవసాగింది: "దిమ్మ! దిమ్మ! దిమ్మ!"

శిక్షణ ముగిసిన ఒక ఉదయం అతను ఆమె దగ్గరకు నేరుగా నడిచి వచ్చాడు. ఆమె నీళ్ళ పైపు చుట్ట చుడుతోంది.

"నాకేదో పేరు పెట్టావట పిన్నీ?"

"పెట్టింది నేను కాదు నాయనా. నీ కాళ్ళు."

"నా కాళ్ళ సంగతి నీకేం తెలుసు?"

"నాకు తెలిసినంత మీ అమ్మక్కూడా తెలియదు. నువ్వెక్కడ తిరిగావో, ఎక్కడ తిరగడం మానేశావో కాగితం మీద ఉంది. చూపించనా?"

 అతను ఏదో అనబోయి, మింగేసి, "నీ గడ్డి నువ్వు చూసుకో" అని వెనక్కి తిరిగాడు. తిరిగింది కుడికాలి మీద. ఆమె అది చూసింది. ఇంతకాలం చూసినట్టే, దాన్నీ బద్ధకం కిందే జమ వేసింది.

మూడో వారం ఆటలో, రెండో సగం మొదలైన పద్నాలుగో నిమిషంలో, "దిమ్మ" అనే కేక గ్యాలరీ నుంచి ఉప్పెనలా దిగుతుండగా దిక్సూచి బంతిని ఛాతీతో ఆపి, ఎదుటివాణ్ణి దాటడానికి ఎడమకాలి మీద గిర్రున తిరిగాడు. కాలు నేలలోనే ఉండిపోయింది, ఒళ్ళు తిరిగిపోయింది. పడ్డవాడు కేక కూడా వెయ్యలేదు. మోకాలి వంక ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు. స్ట్రెచర్ వచ్చింది. వారానికి వైద్యులు చెప్పేశారు: ఇక ఆడలేడు. మైదానమే దిక్సూచిని మింగిందని అతను పడిన మరునాటి నుంచి పత్రికలన్నీ ఒకే పాట అందుకున్నాయి. కాలు గుంటలో ఇరుక్కుందని ఒకరు రాస్తే, ఆ గుంటను పిడికిలితో కొలిచినంత ధీమాగా ఇంకొకరు రాశారు. ఎవరూ వచ్చి మైదానాన్ని చూడలేదు.

అతను పడిన నాలుగో రోజు క్లబ్బు కార్యదర్శి పిన్నిని పిలిపించాడు. అతని గదిలో గోడ నిండా అద్దాల బీరువాలు, వాటిలో కప్పులు. నేల మీద ఆకుపచ్చని తివాచీ. బయట బూట్లు విడిచి లోపలికి వచ్చిన పిన్నికి కాళ్ళ కింద ఆ రంగు చిరాకు తెప్పించింది.

"కూర్చోండమ్మా. పెద్ద విషయమేం కాదు, ఒక్క సంతకం," అన్నాడు ఒక కాగితాన్ని ముందుకు జరుపుతూ. ఆటకు ముందు రోజు కురిసిన వాన వల్ల నడిమధ్యన నేల కుంగిందనీ, రోలరు తిప్పకపోవడం తన పొరపాటేననీ అందులో ఆమె పేరుతో రాసి ఉంది.

"రోలరు తిప్పాను. రెండుసార్లు."

"తిప్పారని నాకూ తెలుసు. కానీ జనం ఆగ్రహంతో ఉన్నారు. ఎవరో ఒకరు పొరపాటు అన్నారనుకోండి, చల్లబడతారు. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. శిక్షణ మైదానానికి మారుస్తాం, అంతే."

"సంతకం పెట్టకపోతే?"

"సోమవారం విచారణ సంఘం కూర్చుంటుంది. ముగ్గురు సభ్యులు. అప్పుడు పొరపాటు అని రాయరమ్మా, నిర్లక్ష్యం అని రాస్తారు. నిర్లక్ష్యానికి బదిలీ ఉండదు."

చెయ్యని తప్పును ఒప్పుకుంటే క్షమించే ఔదార్యం, ఒప్పుకోకపోతే శిక్షించే అధికారం ఒకే బల్ల వెనక ఒకే కుర్చీలో కూర్చున్నాయి. ఇలాంటి ఏర్పాటును న్యాయం అని పిలవడానికి ఎవరికైనా ఎంత ధైర్యం కావాలి! పిన్ని ఆ ధైర్యాన్ని కొలవలేదు. కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"అది ఇక్కడ ఇవ్వండి. అసలు ప్రతి అది."

"నా పేరుంది గదా దీని మీద. నాది," అని బయటికి నడిచింది. అటునుంచటే పనిముట్ల గదికి వెళ్ళి చివరి మూడు సీజన్ల తీగలు దించి, సంచిలో కుక్కి, ఆ గదికి ఎవరైనా వేరే తాళం వేసేలోపల ఇల్లు చేరింది.

ఆమె వెతుకుతున్నది ఒక్కటే: అతను పడ్డ చోటు గట్టిగా ఉందనడానికి రుజువు. ఆదివారం ఉదయం ముందు గదిలో కుర్చీలన్నీ గోడకు నెట్టి, నేల మీద కాగితాలు పరవడం మొదలుపెట్టింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆమెతో ముభావంగా ఉంటున్న కండక్టరు గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఆ కాగితాలతోనేగా ఆయన్ని ఏడిపించావు? ఇంకా ఏం మిగిలిందని?"

"నా కొలువు మిగిలింది. తప్పుకోండి, వెలుతురుకు అడ్డం."

తప్పుకోబోయినవాడు కాలి దగ్గరున్న కాగితం మీది తేదీ చూసి ఆగిపోయాడు. "ఇది వాన ఆట కదూ! రెండో సగంలో ఎడమకాలి మీద తిరిగి ముగ్గుర్ని దాటాడు చూడు, అదే. సింహంలా ఆడాడు. డైరీలో రాశాను."

"ఎడమకాలి మీదా? ఈమధ్య వాడు ఎడమకాలి మీద తిరిగిందెప్పుడు?"

"కళ్ళున్నాయన్నావుగా. చూసుకో."

ఆమె వంగి చూసింది. అది రెండో సగం కాగితం. అందులో ఎడమ వంపు కొడవళ్ళు పదకొండు ఉన్నాయి. పక్కనున్న మొదటి సగం కాగితం తీసింది. ఒక్కటీ లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకున్నదే తప్ప, పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. గడ్డికి ఏ గాటు ఏ సగంలో పడిందన్నది అవసరం లేదు, విత్తనం ఒకటే.

"ఇలాగే రెండో సగంలో సింహంలా ఆడాడని ఇంకే ఆటకు రాసుకున్నారు?" ఆమె గొంతులో దబాయింపు తగ్గింది.

అతను వెళ్ళి డైరీ తెచ్చాడు. ఒక్కో తేదీ చదివాడు, ఆమె ఒక్కో జత తీసింది. మధ్యాహ్నానికి గది నేలంతా కాగితాలతో నిండింది. పదో సీజను మధ్య నుంచి ఈ మైదానంలో అతను ఆడిన ఆటలు, పడిన రోజుది కాక, ఇరవై ఏడు. ఇరవై ఏడింటిలోనూ మొదటి సగంలో ఎడమకాలి కొడవలి లేనే లేదు. తొమ్మిది ఆటల్లో మాత్రం రెండో సగంలో ఉన్నట్టుండి లేచింది. ఆ తొమ్మిదీ కండక్టరు డైరీలోని సింహాలే.

ఆమె ఆ తొమ్మిది జతలనూ విడిగా ఒక వరుసలో పేర్చింది.

"మొదటి సగంలో చచ్చిన కాలు విరామంలో ఎలా బతికిందండీ?" అంది చివరికి.

కండక్టరు డైరీ మూసేశాడు. "సూది," అన్నాడు మెల్లగా. "నొప్పి తెలియకుండా. మా డిపోలో ఒక డ్రైవరు నడుముకు వేయించుకుని బండెక్కేవాడు." కాగితాల వంకే చూస్తూ, "వాడు దిమ్మ కాదే. కుంటివాడు. కుంటివాణ్ణి పట్టుకుని ఊరంతా నవ్వాం," అన్నాడు. అతను ఆ ఆటగాణ్ణి వాడు అనడం ఆమె వినడం అదే మొదలు.

సోమవారం విచారణ పై అంతస్తులో, పొడవాటి బల్ల ఉన్న గదిలో జరిగింది. మధ్య కుర్చీలో పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి, డెబ్బై ఏళ్ళ ఆవిడ. ఆమెకు అటూ ఇటూ ఒక పాత గోల్‌కీపరూ, క్లబ్బు పాలకమండలి సభ్యుడూ. కిటికీ పక్కన చంకకర్రలు గోడకు ఆనించి దిక్సూచి కూర్చున్నాడు. జట్టు డాక్టరు అతనికి వీలైనంత దూరంలో కూర్చున్నాడు.

ముందుగా ఇద్దరు మాజీ ఆటగాళ్ళు దిక్సూచి ప్రతిభను ఏకరువు పెట్టారు. ఇంతటి చూపున్న మిడ్‌ఫీల్డరు ఈ తరంలో లేడన్నారు, చక్కని నేల ఉండి ఉంటే ఇంకో ఐదేళ్ళు ఢోకా లేకుండా ఆడేవాడన్నారు. కార్యదర్శి తల ఊపాడు. పొగడ్తలో ప్రతి మాటా పిన్ని మెడకు ఒక్కో చుట్టు ఉరి. అతను ఎంత ఆరోగ్యంగా ఉంటే నేల అంత దోషి.

ఆమె వంతు వచ్చింది. సంచి విప్పి కాగితాలు బల్ల మీద పరిచింది. కొడవలి అంటే ఏమిటో, వంపు ఎటు ఉంటే ఏ కాలో చెప్పింది. పాలకమండలి సభ్యుడు పెదవి విరిచాడు.

"ఏం చదువుకున్నారమ్మా మీరు, కాలి గుర్తులు చూసి మోకాళ్ళ జబ్బులు చెప్పడానికి?"

"ఈ మైదానం చదువుకున్నానండీ. ఇరవై నాలుగేళ్ళు. మీరు దీంట్లోకి ఎన్నిసార్లు దిగారు?"

పాత గోల్‌కీపరు దగ్గు నెపంతో నవ్వు దాచుకున్నాడు. న్యాయమూర్తి కళ్ళజోడు సవరించుకుంది.

"అతని ఆట గురించి ఇప్పటిదాకా విన్నది మీరూ విన్నారు. మీ అభిప్రాయం చెప్పండి. గడ్డి చూసి చెప్పగలిగినంత మేరకే."

"పొగడను మేడమ్. నాకు రాదు," అంది పిన్ని. "మొదటి మూడు సీజన్లు ఎక్కువ పరుగు, తక్కువ పని. ఎక్కడ పడితే అక్కడ తిరిగి నేల చెడగొట్టాడు. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఇలాంటివాణ్ణి నేను చూడలేదు. తిరిగిన ప్రతిచోటా ఒకే గాటు. రెండోసారి కాలు మోపి సర్దుకోవడం లేదు. ఎటు తిరగాలో బంతి రాకముందే తెలిసినవాడి కాలు అది. వెనక్కి వచ్చి కాపాడటం ఎప్పుడూ తక్కువే. అది చీపురు చేశాడు, పేరు ఇతనికొచ్చింది. పదో సీజను సగానికి ఎడమకాలు ఆగిపోయింది. ఇంకో ఐదేళ్ళు అన్నారు ఆ పెద్దమనుషులు. ఐదు నెలలు కూడా ఆడించకూడని కాలు అది. తొమ్మిది ఆటల్లో విరామం తర్వాత అది మళ్ళీ లేచింది. పదోసారి, పడిన రోజు. ఆ రోజు మొదటి సగం కాగితం ఇదిగో. ఎడమది ఒక్కటీ లేదు. ఆ చోట గుంటా లేదు."

న్యాయమూర్తి కాగితాలను ఒక్కో జతగా పక్కపక్కన పెట్టి, తొందరపడకుండా చూసింది. తర్వాత తలెత్తి, "విరామంలో ఏం జరిగేది డాక్టరుగారూ?" అంది.

డాక్టరు కార్యదర్శి వైపు చూశాడు. వైద్య వివరాలు గోప్యమనీ, సంఘం పరిధి మైదానం వరకేననీ కార్యదర్శి అందుకున్నాడు. ఆ మాట పూర్తికాకముందే కిటికీ వైపు నుంచి గొంతు లేచింది.

"సూది వేసేవాడు. ఇంకేం జరిగేది?" దిక్సూచి ముఖం పాలిపోయి ఉంది. చూస్తున్నది డాక్టరును కాదు, పిన్నిని. "వద్దన్నప్పుడల్లా ఊరుకునేవాడు. అందుకే తొమ్మిదిసార్లే. ఆ రోజూ వద్దనే అనుకున్నాను. మెట్లు దిగి గదిలోకి వెళ్ళాక కూడా వినపడుతోంది, దిమ్మ దిమ్మ అని. వెయ్యమన్నాను. ఇప్పుడొచ్చి నా కాలి మీద జాలి చూపిస్తోంది ఈవిడ! ఆ పేరు ఎవరు పెట్టారో అడగండి, అడగండి ఆమెను."

 కార్యదర్శి ముఖంలోకి అప్పుడే కాస్త కళ వచ్చింది.

 పిన్ని చెప్పినదంతా గుమాస్తా రాసి, చదివి వినిపించి, సంతకానికి ముందు పెట్టాడు. ఆమె కలం తీసుకోలేదు.

"ఇంకో మాట రాయండి. అతన్ని దిమ్మ అన్నది నేను. టీ కొట్టు దగ్గర. రెండు కాగితాలనూ కలిపి చదివి అన్నాను. విడివిడిగా చూసి ఉంటే అనేదాన్ని కాదు. అది నా తప్పు."

"అది విచారణాంశం కాదమ్మా," అన్నాడు పాలకమండలి సభ్యుడు. "మీకే నష్టం."

"నేలది తప్పు కాదని రాయించుకున్నాను. నాది కూడా కాదని అబద్ధం రాయించుకోమంటారా? రాయండి."

న్యాయమూర్తి గుమాస్తాకు సైగ చేసింది. అతను రాశాడు. పిన్ని సంతకం పెట్టి, కాగితాలన్నిటి మీదా వరుస సంఖ్య వేసి న్యాయమూర్తిగారే పొట్టి సంతకం చేస్తే తప్ప అక్కడ వదలనని భీష్మించుకుంది. ఆవిడ యాభై నాలుగు కాగితాల మీదా, ఆ చివరి రోజు జత మీదా విసుక్కోకుండా చేసింది. దిక్సూచి ఆ సంతకాలు పూర్తయ్యేదాకా ఉండలేదు. చంకకర్రల చప్పుడు మెట్ల మీద చాలాసేపు వినిపించింది.

రెండు నెలలకు నివేదిక వచ్చింది. మైదానంలో లోపం లేదని ఒక వాక్యం. ఆటగాడు తన స్థితి తెలిసే స్వచ్ఛందంగా ఆడాడని ఇంకో వాక్యం. సూదుల విషయం సంఘం పరిధిలోకి రాదు. పాలకమండలి సభ్యుడూ గోల్‌కీపరూ సంతకాలు చేశారు. న్యాయమూర్తి మాత్రం తన అసమ్మతిని నాలుగు పేజీల్లో జతపరిచింది. ఆ నాలుగు పేజీలను పత్రికలకు ఇవ్వడం కార్యదర్శి మరిచిపోయాడు. పిన్ని ఉద్యోగం నిలిచింది. ఆమె ఒప్పుకోలు బయటికి పొక్కడంతో టీ కొట్టు దగ్గర మాత్రం ఆమె కనపడగానే మాటలు ఆగిపోసాగాయి. ఊరు మొత్తం అరిచింది. నేరం ఎవరిదో తేలాక ఊరు చేతులు కడుక్కుంది.

తర్వాత ఒక పొద్దున కార్యదర్శి మళ్ళీ పిలిచాడు. బల్ల మీద ఆకుపచ్చని ముక్క ఒకటి ఉంది.

"ప్లాస్టిక్ గడ్డి. వచ్చే నెల పరుస్తున్నాం, ఆటగాళ్ళ భద్రత కోసం. నీళ్ళక్కర్లేదు, విత్తనం అక్కర్లేదు. వారానికోసారి బ్రష్ యంత్రం తిప్పితే చాలు. ఇక మీకు శ్రమే ఉండదమ్మా."

ఆమె ఆ ముక్కను వేళ్ళతో రాసి చూసింది. గోరుతో గట్టిగా గీసింది. చెయ్యి తీయగానే పోగులు లేచి నిలబడ్డాయి.

"గాటు పడదే!"

"పడదు. అదే గదా దీని గొప్ప."

"దీని మీద పడ్డవాడి సంగతి ఎవరు చెబుతారు?"

"మీకెందుకమ్మా అవన్నీ?" అన్నాడు కార్యదర్శి. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ ముక్కను ఆమె ముందు నుంచి వెనక్కి లాక్కున్నాడు.

బ్రష్ యంత్రం తిప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. క్లబ్బు మీదా డాక్టరు మీదా దిక్సూచి కోర్టుకెళ్ళాడని కండక్టరు బస్సులో విని వచ్చి చెప్పిన వారానికే ఆమెకు సాక్షిగా సమన్లు అందాయి. నివేదికకు జతపడిన కాగితాల మీద న్యాయమూర్తి పొట్టి సంతకాలు ఉండబట్టి, కోర్టు వాటిని తెప్పించుకుంది.

ఆ రోజు కోర్టు వరండాలో ఒకే పొడవాటి బెంచీ ఖాళీగా ఉంది. ఆ చివర దిక్సూచి. ఈ చివర పిన్ని. మధ్యలో కండక్టరు, ఒళ్ళో డైరీతో, అటు చూడాలో ఇటు చూడాలో తెలియక ఎదుటి గోడ చూస్తూ కూర్చున్నాడు. గంట గడిచింది. 

"ఆయన దాహంతో ఉన్నట్టున్నాడే. నీళ్ళివ్వనా?" అని కండక్టరు గుసగుసలాడాడు.

"కాలే చెడింది, చేతులు కాదు. సీసా అతని పక్కనే ఉంది," అంది ఆమె, గుసగుస కాని గొంతుతో.

దిక్సూచి తల తిప్పాడు. పడిపోయిన నాటి నుంచి, ఆ పై అంతస్తు గది తప్పించి, అతను ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి.

"నేను క్షమించాననుకుని వచ్చావేమో. నేను క్షమించలేదు."

"అడగడానికి రాలేదు."

"వాళ్ళ లాయరు గట్టివాడు. ఏ సగం కాగితం ఏదో తికమక పెడతాడు. జతలు గుర్తున్నాయా, లేక మళ్ళీ అన్నీ కలిపి చదువుతావా?"

కండక్టరు మెడ భుజాల్లోకి కుంగిపోయింది. పిన్ని ముఖం ఎర్రబడింది; నోటి దాకా వచ్చినదాన్ని ఆపుకుంది.

"ఇరవై ఏడు ఆటలూ తేదీలతో సహా నోటికొచ్చు. నీ లాయర్ని ఆ తొమ్మిదింటి దగ్గర నోరు మెదపకుండా ఉండమను. నేను చెప్పుకుంటాను."

లోపలి నుంచి బంట్రోతు పిలుపు వచ్చింది. ఆమె లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, అతని చంకకర్రలు దారికి అడ్డంగా ఉంటే వాటిని తీసి అతని చేతికి అందేలా గోడకు ఆనించి, లోపలికి వెళ్ళింది.